తొమ్మిదో రోజు సంఖ్య

అట్టపెట్టెల కర్మాగారంలో అందరూ అతన్ని గళ్ళాయన అనేవారు. ఏ కాగితం చేతికి దొరికినా గళ్ళు గీసి అంకెలు నింపడం అతని అలవాటు. నలభై ఆరేళ్ళ వయసులో ఫోనులో పాఠాలు వింటూ, స్ప్రెడ్‌షీట్‌లో ఏ తేడా నిజమైనదో, ఏది కాదో పరీక్షించడం నేర్చుకుంటున్నాడని తెలిసి ఇంట్లోవాళ్ళు నవ్వారు. అతను లెక్కచేయలేదు. మనిషికి కాస్త బడాయి ఉంది, దాన్ని దాచుకునే రకం కూడా కాదు.

యజమాని పెట్టెలకు జిగురు అంటించే యంత్రం ఒకటి పరీక్షకు తెప్పించాడు. అప్పటిదాకా ఆ పని చేసేది చేతి బల్ల, అంటే పద్నాలుగు మంది ఆడవాళ్ళు. వాళ్ళందరికీ పెద్దదిక్కు, గళ్ళాయనకు వదినే. అన్న పోయాక ఆ బల్ల దగ్గరే ఇరవై ఏళ్ళు నిలబడి ఇద్దరు పిల్లల్ని పెంచుకొచ్చింది. ఎవరి పెట్టెలు గట్టివో తేల్చే పని యజమాని గళ్ళాయనకు అప్పగించాడు. యంత్రానివే మెరుగని తేలితే బల్ల ఎత్తేస్తానని ముందే చెప్పాడు.

రోజూ ఇటు నూరు, అటు నూరు పెట్టెల్లో ఇసుక నింపి, నడుమెత్తు నుంచి పడేసి, విచ్చుకున్నవాటిని లెక్కపెట్టేవాడు. ఇరవై రోజులు చేద్దామనుకున్నాడు. కానీ సాయంత్రం అయ్యేసరికి మనసు ఆగేది కాదు, షీట్ తెరిచి పరీక్ష నడిపేవాడు. వచ్చిన సంఖ్య సున్నా పాయింట్ సున్నా అయిదు కంటే తగ్గితే తేడాను నమ్మొచ్చని, లేకపోతే అది కాకతాళీయం కావచ్చని పాఠంలో చెప్పారు. మొదట పాయింట్ నాలుగు వచ్చింది, తర్వాత పాయింట్ రెండు. తొమ్మిదో సాయంత్రం యంత్రం వైపు మొగ్గుతూ పాయింట్ సున్నా నాలుగు కనబడేసరికి అతని కాళ్ళు నేల మీద నిలవలేదు. తనకూ విద్య అబ్బిందన్న సంబరంలో, అది ఎవరి బల్లో కూడా తలచుకోకుండా యజమాని గదికి పరిగెత్తాడు. నెలాఖరుకు చేతి బల్ల తీసేస్తున్నామని మర్నాడే చెప్పేశారు.

వదిన పల్లెత్తు మాట అనలేదు. అదే అతన్ని లోలోపల తినేసింది. ఆమె ముఖం చూడలేక తల వంచుకునే తిరిగాడు. పెట్టెలు పడేయడం మాత్రం మానలేదు, అనుకున్న ఇరవై రోజులూ పూర్తి చేద్దామనుకున్నాడు. పదహారో రోజు విన్న పాఠంతో గుండెల్లో రాయి పడింది. ఎన్ని రోజులు చూడాలో ముందే తేల్చుకుని, చివర్న ఒక్కసారే పరీక్ష చేయాలట. రోజూ తొంగిచూస్తూ, గీత దాటగానే ఆపేస్తే, లేని తేడా కూడా ఏదో ఒక రోజు ఉన్నట్టే కనబడుతుందట. తను చేసింది అచ్చంగా అదే. ఇరవయ్యో రోజు సంఖ్య పాయింట్ మూడు ఒకటి, అంటే నమ్మదగ్గ తేడా ఏదీ లేదు.

యజమాని దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. యజమాని చెడ్డవాడేమీ కాదు, ఓపిగ్గా అంతా విన్నాడు. యంత్రం కొనేశామని, తేడా తేలనప్పుడు వేగంగా చేసేదాన్నే ఉంచుకుంటే తప్పేమిటని అడిగాడు. గళ్ళాయన చేతి బల్ల వైపు నడిచాడు.

వదిన బల్ల చివర కూర్చుని వేళ్ళకు ఎండిన జిగురు గీరుకుంటోంది. అతను నిలబడే మొదటినుంచి చివరిదాకా చెప్పాడు.

"తప్పు నాది వదినా. మీ పెట్టెలు నాసివని ఎక్కడా తేలలేదు."

ఆమె గీరడం ఆపింది.

"ఇన్నాళ్ళూ నా వల్లే అందరి పనీ పోయిందనుకున్నాను మరిదీ. ఎక్కడ జిగురు తక్కువ రాశానా అని ఈ చేతులకేసే చూసుకుంటున్నాను."

అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆమె ఒక అట్టముక్క ముందుకు తోసి, ఇప్పుడు అన్న మాట రాసిమ్మంది, మిగతావాళ్ళకు చూపించాలంది. చేతి బల్ల పెట్టెలు యంత్రం పెట్టెల కంటే నాసివని రుజువు కాలేదు అని రాసిచ్చాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"రుజువు కాలేదనేనా? మంచివని రాయకూడదూ?"

అతను కలం మళ్ళీ ఎత్తాడు. ఒక మాట రాయాలని జన్మలో ఎన్నడూ అంతగా కోరుకోలేదు.

"నా లెక్క అంత మాట చెప్పలేదు వదినా" అన్నాడు.