పడవవాళ్లు వద్దన్నారని చెప్పాను

పదిహేడేళ్లుగా ఈ మాట నా గుండె మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, నా తోడబుట్టిన అక్కకు చెప్పలేదు, దేవుడి ముందు నిలబడి దండం పెట్టుకున్నప్పుడు కూడా పైకి అనలేదు. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. నా పేరు రాయను. ఆమె పేరు మార్చి రాస్తాను. సుగుణ అనుకోండి.

సుగుణ మా ఆయన చెల్లెలు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచి ఫిట్స్. నెలకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు వచ్చేవి. చదువు పదో తరగతితో ఆగింది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. హైదరాబాద్ మాదన్నపేటలో మాకున్నవి రెండు గదులు, పైన డాబా. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను. చీరలకు ఫాల్స్ కుట్టేది, జాకెట్లు కుట్టేది. మా అత్తామామలు అప్పటికే పోయారు. ఆమెను చూసుకోవలసింది నేనే.

చూసుకున్నాను. అది అబద్ధం కాదు. మాత్రలు వేళకు ఇచ్చాను. పడిపోయినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాను, మూతి తుడిచాను, తడిసిన బట్టలు మార్చాను. పన్నెండేళ్లు. ఒక్కనాడూ విసుక్కోలేదని గల్లీ అంతా అనేది. పక్కింటి రజియా ఖాలా నన్ను చూపించి తన కోడళ్లకు బుద్ధి చెప్పేది. ఆ మంచి పేరు నాకు ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమంటే, విసుగొచ్చినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

దీవి సంగతి మొదలుపెట్టింది సుగుణే. ఆదివారం పేపర్లో ఒక ఫొటో వచ్చింది. పడమటి సముద్రంలో ఓ చిన్న దీవి, తెల్లటి లైట్‌హౌస్, ఒడ్డుకు వచ్చి ఆగిన ఫెర్రీ పడవ. ఆమె ఆ కాగితం కత్తిరించి మిషను సొరుగులో పెట్టుకుంది. ఆ ఏడు మా ఆయనకు ఆఫీసు నుంచి కుటుంబంతో ఊరెళ్లే సెలవు వచ్చింది. ఎక్కడికి పోదామని ఆయన అనడమే ఆలస్యం, సుగుణ సొరుగు తెరిచింది.

నెల రోజులు ఇల్లంతా ఆ దీవే. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. దాని పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలన్నీ సుగుణ నింపేసింది. ఏ రైలు ఎక్కాలి, ఎక్కడ మారాలి, రేవుకు ఎట్లా చేరాలి, పడవ ఎన్ని గంటలకు, వానలు మొదలైతే ఎప్పటి నుంచి తిప్పరు, అన్నీ రాసుకుంది. బార్కస్ నుంచి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఒకామె భర్త ఓడల మీద పనిచేసి వచ్చినవాడు. ఆమెను అడిగి, పడవలో కడుపు తిప్పితే నిమ్మకాయ వాసన చూడాలని రాసుకుంది. తన పాత పంజాబీ డ్రెస్సులు రెండు విప్పి మళ్లీ కుట్టుకుంది, గాలికి ఎగరకుండా. అంతకుముందు ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

ఒక్కటే అనుమానం మిగిలింది. ఫిట్స్ ఉన్న మనిషిని పడవ ఎక్కనిస్తారా? పేపర్లో ఉన్న నంబరు ఆమే రాసి నా చేతికిచ్చింది. తాను అడగలేదు. ఫోన్లో తన జబ్బు పేరు తన నోటితో చెప్పడం ఆమెకు సిగ్గు.

నేను డాబా మీదికి వెళ్లి ఫోన్ చేశాను. వడియాలు ఎండబెట్టి ఉన్నాయి. కాళ్లు కాలుతుంటే మెట్ల గది నీడలో నిలబడ్డాను. అవతల ఒక పెద్దాయన, హిందీలో మాట్లాడాడు. అంతా విన్నాడు. తొందరపెట్టలేదు. డాక్టరు దగ్గర ఒక చీటీ రాయించుకుని రండమ్మా, తోడుగా ఇంటివాళ్లు ఒకరుంటే చాలు అన్నాడు. కింది వరుసలో తలుపు దగ్గర సీటు ఇస్తాం, అక్కడ ఊపు తక్కువ అన్నాడు. మేం వచ్చే తేదీ అడిగి రాసుకున్నాడు. "జరూర్ లానా బెహన్" అని కూడా అన్నాడు. తప్పకుండా తీసుకురండి అని.

ఫోన్ పెట్టేశాను. మెట్లు దిగాను. పద్నాలుగు మెట్లు. ఏ మెట్టు మీద అనుకున్నాను? లేక పైకి ఎక్కేటప్పుడే అనుకుని ఉన్నానా? ఎన్నిసార్లు ఆ మెట్లు మళ్లీ దిగి చూసుకున్నానో. తెలీదు. నిజంగా తెలీదు.

సుగుణ కింద కూర్చుని చీర అంచు కుడుతోంది. పళ్ల మధ్య దారం. నన్ను చూసి దారం తీసేసింది.

"ఏమన్నరు వదినా?"

"ఫిట్స్ ఉన్నోళ్లను ఎక్కనియ్యరంట."

"డాక్టర్ చీటీ తెస్తే?"

"అడిగిన. చీటీ ఉన్నా కాదంట. నీళ్ల మీద కదా, మాకెందుకు లొల్లి అన్నరు."

ఆమె సూది చీరకు గుచ్చి పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నా పేరు చెప్పినవా?"

"లే. చెప్పలే."

"గట్లయితే మంచిదే" అంది. నిజంగానే ఊపిరి పీల్చుకుంది. "మీరు పోండ్రి వదినా. నా కోసమని ఆపొద్దు. బిడ్డ మస్తు ఆశ పెట్టుకున్నది. గీ బుక్కు తీస్కపో, అండ్ల అన్నీ రాసిన."

అంతే. ఆ రోజు జరిగింది ఇంతే.

ఆమెను రజియా ఖాలాకు అప్పగించి మేం ముగ్గురం వెళ్లాం. "ఫికర్ నక్కో కరో బేటీ" అంది ఖాలా, దిగులు పెట్టుకోవద్దని. సుగుణ వాకిట్లో నిలబడి చెయ్యి ఊపింది. ఆమె రాసిన రైళ్లే ఎక్కాం. ఆమె రాసినచోటే మారాం. ఆమె రాసిన వేళకే రేవు చేరాం. ఒక్కటీ తప్పలేదు.

రేవులో మా ఆయన సామాన్ల దగ్గర ఉన్నాడు. టికెట్ల కిటికీ దగ్గర నేనొక్కదాన్నే. లోపలున్న పెద్దాయన హైదరాబాద్ అనగానే తలెత్తాడు. గొంతు గుర్తుపట్టాను. మీతో మీ ఆడబిడ్డ రావాలి కదమ్మా, ఏది అని అడిగాడు. ఒంట్లో బాగాలేదు, రాలేదు అన్నాను. అయ్యో అన్నాడు. ఆ సీటు పక్కన పెట్టి ఉంచానే అన్నాడు. ఆ రోజు జనం పలుచగా ఉన్నారు. తలుపు దగ్గర కింది వరుసలో సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. మా అమ్మాయి దాని మీద కాళ్లు చాపుకుంది. తియ్యమ్మా అన్నాను. ఎందుకు, ఎవరూ లేరు కదా అంది.

టికెట్ల వెనక నియమాలు హిందీలో అచ్చు వేసి ఉన్నాయి. జబ్బుమనుషులు డాక్టరు చీటీ చూపించాలి అని ఐదో వరసలో ఉంది. సుగుణ హిందీ చదువుతుంది. తనకు ఏమీ తేవద్దు, పడవ టికెట్ ఒక్కటి తెచ్చిస్తే దాచుకుంటానని ఆమె అడిగింది. దీవిలో దిగగానే టికెట్లు చింపి నీళ్లలో పడేశాను. ఇంటికొచ్చాక, టికెట్లు వాళ్లే వెనక్కి తీసుకున్నారని చెప్పాను. గట్లనా అంది.

మేం లేని ఆరు రోజుల్లో ఆమెకు ఏమీ కాలేదు. ఒక్క ఫిట్ కూడా రాలేదు. చూశావా, ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. కొన్నాళ్లు నమ్మాను కూడా.

నష్టం తర్వాత మెల్లగా వచ్చింది. ఆ వానాకాలం వరంగల్‌లో దగ్గరివాళ్ల పెళ్లి. సుగుణ రానంది. రైల్లో ఏమన్నయితే అందరి ముందు దింపేస్తే ఎట్లా అంది. మరుసటి ఏడు దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే చోట టీచరుగా రమ్మని అడిగారు. ఆమె కుట్టు చూసి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అడిగారు. రెండు రోజులు ఆలోచించి వద్దని చెప్పి పంపింది. నేను బతిమాలాను. ఎంత బతిమాలానో! "పడవోళ్లు డాక్టర్ చీటీకే ఒప్పుకోలే వదినా. వీళ్లు ఒప్పుకుంటరా? తీస్కున్నంక తెలిసి పొమ్మంటే నేను తట్టుకోలే" అంది.

నా మాట. నేను అప్పటికప్పుడు అల్లిన మాట. అది ఆమె నోట్లో చట్టమైపోయింది.

తర్వాత కొత్త డాక్టరు మందులు మార్చాడు. ఫిట్స్ తగ్గాయి. నాలుగేళ్లు అసలు రాలేదు. అయినా ఆమె ప్రపంచం మా గుమ్మం నుంచి మాదన్నపేట కూరగాయల మార్కెట్ దాకానే. అక్కడికి కూడా ఖాలా తోడుంటేనే. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? నోరు తెరిచిన రోజులున్నాయి. ఆమె ఎదురుగా కూర్చుని, సుగుణా అని పిలిచి, ఆమె ఏంది వదినా అని తలెత్తితే, ఉప్పు చాలిందా అని అడిగి లేచిన రోజులున్నాయి. చెబితే నేను ఏమవుతాను? గల్లీలో నా పేరు ఏమవుతుంది? ఆమె జీవితం గురించి కాదు, అన్నేళ్లూ నేను ఆలోచించింది దాని గురించే.

ఈ ఎండాకాలం మా అమ్మాయి సెలవు పెట్టింది. దానికిప్పుడు ఇరవై ఆరేళ్లు, ఉద్యోగం చేస్తోంది. మళ్లీ ఆ దీవికి పోదామంది. ఈసారి అత్తమ్మ కూడా రావాలి అంది.

"నన్ను ఎక్కనియ్యరు బిడ్డా. మీ అమ్మ అప్పుడే అడిగింది" అంది సుగుణ, చాలా మామూలుగా.

అమ్మాయి ఫోన్లో వెతికింది. "గట్లాంటిదేం లేదత్తమ్మా. డాక్టర్ లెటర్ ఉంటే చాలంట."

"అప్పట్ల ఉండె. ఇప్పుడు మార్చిన్రు కావచ్చు. కాదా వదినా?"

నా వైపు చూసింది. నన్ను కాపాడుతున్నట్టు చూసింది. ఔ, అన్నాను.

ఆ చూపు నన్ను మూడు రోజులు వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే అదే, స్నానం చేస్తుంటే అదే. నాలుగో రోజు పొద్దున ఇద్దరం చింతచిగురు ఏరుతున్నాం. ఇంట్లో ఎవరూ లేరు. తలెత్తకుండా చెప్పేశాను. గా పడవోళ్లు వద్దనలే సుగుణా, నేనే అన్న.

ఆమె చేతులు ఆగలేదు. ఒక్కొక్క ఈనె తీసి పక్కన వేస్తూనే ఉంది. గుప్పెడు ఏరాక అడిగింది.

"మరి గాయన ఏమన్నడు?"

చెప్పాను. చీటీ సంగతి, సీటు సంగతి, తప్పకుండా తీసుకురమ్మన్న సంగతి. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"ఎందుకు గట్ల చెప్పినవ్?"

"భయమైంది. నీళ్ల మీద నీకేమన్నయితే అని."

"భయపడ్డవా" అంది. లేచి చేతులు కడుక్కుంది. మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది కానీ కుట్టలేదు. మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చేదాకా అట్లాగే కూర్చుంది. సాయంత్రం నా దగ్గరికొచ్చి నిలబడింది.

"నేను బిడ్డతోని పోత. నువ్వు రాకు వదినా."

ఇరవై తొమ్మిదేళ్లలో ఆమె నన్ను వద్దనడం అదే మొదటిసారి. అన్నకు కానీ, అమ్మాయికి కానీ ఏమీ చెప్పలేదు. నాకు మోకాళ్లు నొప్పి, అందుకే రావడం లేదని వాళ్లిద్దరితో నేనే చెప్పుకున్నాను.

ఈ పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. పడవ బయల్దేరిందట. అత్తమ్మ లోపల కూర్చోనంటోంది, కమ్మీ పట్టుకుని బయటే నిలబడింది, ఎంత పిలిచినా వస్తలేదు అంది. వెనక గాలి హోరు వినపడింది. ఆమెకు ఇయ్యనా అని అడిగింది. వద్దులే అన్నాను. నాతో మాట్లాడాలని ఆమె అడగలేదు.

ఇదంతా ఆమెకు చెప్పేశాను కదా, ఇంకా మీతో ఎందుకు అని మీరు అడగొచ్చు. ఎందుకంటే ఆమెకు చెప్పినప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. భయమైందన్నాను. భయం కాదు. ఆ పెద్దాయన అంత ధైర్యం చెప్పాక భయమెక్కడిది?

ఆ ఇంట్లో పన్నెండేళ్లు నా చెవి ఒక చప్పుడు కోసం వింటూనే ఉండేది. గిన్నె పడినా, తలుపు కొట్టుకున్నా పరుగెత్తేదాన్ని. దీవిలో రెండో రోజు మధ్యాహ్నం చెట్ల కింద చాప వేసుకుని పడుకున్నాను. పక్కనే ఒక కొబ్బరికాయ ధబ్బుమని పడింది. నేను లేవలేదు. కళ్లు కూడా తెరవలేదు. పడితే పడనీ అనుకుని మళ్లీ నిద్రపోయాను. లేచాక మా ఆయన నన్ను చూసి, పెళ్లయిన కొత్తలో ఉన్నట్టున్నవు అన్నాడు. నిజమే. నవ్వాను, పాడాను, మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి అమ్మాయి మీద చల్లాను. ఆమె ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆమె లేని చోటు నాకు కావాలనిపించింది. అందుకే చెప్పాను ఆ అబద్ధం. నేను బతికిన రోజుల్లో అంత సంతోషంగా ఉన్నవి మళ్లీ లేవు. ఇప్పటికీ, ఇంత జరిగాక కూడా, ఆ ఆరు రోజులను వద్దనుకోలేకపోతున్నాను.

ఆమె ఆదివారం తిరిగొస్తుంది. ఈ చివరి మాట ఆమెకు చెప్పగలనో లేదో తెలీదు. క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. మీకు మాత్రం చెప్పాను. దాచకుండా, మార్చకుండా, మొత్తం చెప్పాను.