మాంటిళ్ళ లారీ

మావారు రాజమండ్రిలో ఫిజిక్సు లెక్చరరు. ఎనభైల మొదట్లో ప్రభుత్వం ఆయనకొక పరిశోధన అప్పగించింది. మన సముద్రతీరపు ఇసుకలో థోరియం ఉన్న ఖనిజం దొరుకుతుంది. అణుశక్తికి పనికొచ్చేది కాబట్టి దాన్ని ప్రైవేటువాళ్ళు తరలించకూడదు. లారీల్లో దొంగచాటుగా పోతుంటే సరుకు దింపకుండానే కనిపెట్టే పరికరం ఆయన తయారుచేయాలి. పని సాగాలా ఆగాలా అన్నది ఏటా ఢిల్లీ నుంచి వచ్చే కమిటీ తేల్చేది. ఆగితే పరికరం వాళ్ళు పట్టుకుపోతారు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఇంట్లో మాట్లాడకూడదని ఆయనకు షరతు. "ఇవాళ మీ పెట్టె పలికిందాండీ?" అని మాత్రం అడిగేదాన్ని. పలికిన రోజు అన్నం మారు వడ్డించుకునేవారు.

ఒక ఏడు కమిటీ ముందు పరీక్ష తుని దగ్గర చెక్‌పోస్టులో పెట్టారు. నేను అన్నవరంలో దర్శనం చేసుకుని, ఆయనతో తిరిగి వెళ్దామని అక్కడికొచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. పరీక్ష కోసం ఖనిజం మూట దాచి పంపిన లారీ ఇంకా రాలేదు. ఈలోగా మామూలు లారీ ఒకటి ఆగితే పరికరం టకటకమంది.

"ఏముందయ్యా లోపల?" అన్నారు కమిటీ పెద్దాయన. ఆయన తెలుగాయనే.

"షావుకారుగారి సరుకండి. గ్యాసు లైట్లకి కట్టే మాంటిళ్ళండి. పెళ్ళిళ్ళ రోజులు కదండీ," అన్నాడు డ్రైవరు.

"దొంగని పట్టమంటే పెళ్ళికొడుకుని పట్టిందేంటండీ మాస్టారూ, మీ పెట్టె?"

అందరూ నవ్వారు. మావారు నవ్వలేదు.

"మాంటిళ్ళలోనూ థోరియం ఉంటుందండి. అది అబద్ధం చెప్పలేదు."

"నిజమేనండి. పెళ్ళి సరుకో దొంగ సరుకో చెప్పకపోతే ఎలాగండి మరి?"

"ఆ తేడా తెలిసేలా చేస్తానండి. ఇంకొక్క ఏడాది ఇప్పించండి."

"చూద్దాం," అన్నారాయన.

తర్వాత వచ్చిన లారీలో మూటను పరికరం పట్టుకుంది. అప్పటికి కమిటీవాళ్ళు కారు దగ్గరికి నడుస్తున్నారు. వాళ్ళ ప్రశ్న తప్పని నేను అనను.

కొన్నాళ్ళకు పని ఆపమని ఉత్తర్వు వచ్చింది. పరికరాన్ని గడ్డిలో సర్ది రైలెక్కించాం. స్టేషను నుంచి నడిచి వస్తూ ఆయన మొదటిసారి నాకు అంతా చెప్పారు. ఇసుక ఖనిజంలో కాస్త యురేనియం కూడా ఉంటుందట, మాంటిళ్ళలో ఉండదట. థోరియం కిరణాలనూ యురేనియం కిరణాలనూ విడదీసి చూస్తే చాలట, ఏ సరుకో తెలిసిపోతుందట. షరతు ఇంకా ఉందేమో, నేను గుర్తుచేయలేదు. ఇంటి సందు దాటిపోయి గోదావరి గట్టు మీద చాలాసేపు నడిచాం. చెప్పినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. ఆయన పోయాక మళ్ళీ వినాలనిపించేది ఆ సగమే.