తాళం లోపల తిరగబడ్డ ‘న’

నేను చేసిన దొంగ తాళాన్ని కంపెనీ తాళమని నమ్మించానని ఆసిఫాబాద్‌లో పదిమంది ముందు నన్ను మోసగాణ్ణి చేశారు. అది అబద్ధం. ముందు ఆ ఒక్క మాట రాసుకోనివ్వండి, తర్వాత మిగతాది.

నా పేరు నర్సయ్య. కరీంనగర్‌లో నలభై ఏళ్లకు పైగా తాళాలు బాగుచేస్తున్నాను. బడికి పోలేదు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను, పాడైన తాళాలు విప్పి పని నేర్చుకున్నాను. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. తాళం దానంతట అదే తెరుచుకుంటోందని భయపడి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. విప్పిన ప్రతిసారీ లోపల అరిగిపోయిన స్ప్రింగే కనిపించింది.

పోయిన ఏడాది ఆసిఫాబాద్ నుంచి ఒక వకీలు సాబ్ కబురు పెట్టారు. ఎప్పుడో వాళ్ల బీరువా తాళం నేనే బాగుచేశాను. వాళ్ల తాత కొన్న పాత ఇంగ్లీషు కారును హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శనకు పంపాలని ఆయన కోరిక. నేను పుట్టకముందే కొన్న కారు అది. కొన్నప్పటి కాగితాన్ని అద్దం కట్టించి హాల్లో తగిలించుకున్నారు. ఆ కారును నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. దాని తలుపుల తాళాల్లో ఏవి కంపెనీవి, ఏవి తర్వాత వేసినవి అన్నది నేను తేల్చాలి.

మూడు తలుపుల తాళాలు ఒకే తీరుగా, స్క్రూలతో బిగించి ఉన్నాయి. వెనక ఎడమ తలుపుది మాత్రం వేరు. తాళం డబ్బా చుట్టూ కోస్తే తప్ప ఊడని రివిట్లు, నాలుక కూడా పొట్టి. అది బజారు సరుకని వాళ్ల మెకానిక్ అప్పటికే తేల్చేశాడు.

వకీలు సాబ్ తలుపు నుంచి ఊడదీయించిన ఆ తాళాన్ని నా చేతికిచ్చారు. నేనింకా కళ్లద్దాలు పెట్టుకోలేదు, టార్చి వేయలేదు. ‘ఇదే అసలుది’ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. చూడకుండా మాట వదిలే మనిషిని కాను.

తర్వాత చూసి రుజువులు చూపించాను. ఆ తలుపు చట్రానికి ఒకే జత రంధ్రాలున్నాయి. మిగతా మూడు తలుపులకు పాత రంధ్రాలు పూడ్చి పక్కన కొత్తవి వేశారు. తాళం అంచున ఉన్న అంకెలే తలుపు రేకు లోపలి వైపున కూడా ఉన్నాయి. రివిట్ల తలలు మిషన్ మీద నొక్కినవి, ఒక్కదాని మీదా సుత్తి దెబ్బ లేదు. మూడు ఒకేలా ఉన్నాయని వాటినే అసలువి అనుకున్నారు. నిజానికి మార్చినవే అవి. తాళాన్ని విప్పకుండానే మళ్లీ వకీలు సాబ్ చేతిలో పెట్టాను. ఆయన నా ముందే బీరువాలో పెట్టుకున్నారు.

రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. మిట్టమధ్యాహ్నం. వరండాలో ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు, మెకానిక్ ఉన్నారు. వకీలు సాబ్ ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. ప్రదర్శన తరఫున విడిభాగాలను పరీక్షించే పెద్దమనిషి హైదరాబాద్‌లో రివిట్లు కోసి, తాళం మూత తీశాడట. మూత లోపలి వైపున నా ముద్ర ఉంది.

నేను బాగుచేసిన ప్రతి తాళం లోపలా ఒక ముద్ర కొడతాను. ఆ ముద్ర కొట్టే ఉక్కు పంచ్‌ను ఆకురాయి ముక్కతో నేనే చెక్కుకున్నాను. పంచ్ మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలని అప్పుడు తెలియదు. నేరుగా చెక్కాను, అందుకే ఇనుము మీద ‘న’ అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. తప్పే, కానీ చూడగానే నాదని తెలుస్తుందని అలాగే ఉంచుకున్నాను. తర్వాత ఒకసారి ఆ పంచ్ ఇనుము కొట్టే దాగలి అంచు మీద పడి అక్షరం కొస విరిగింది.

ఫోటోలో ‘న’ తిరగబడి ఉంది. కొస లేదు.

"గిది నీ ముద్రనే గదా నర్సయ్యా? మా బీరువ తాళంల గూడ గిదే ఉన్నది" అన్నారు వకీలు సాబ్.

"నాదే సాబ్."

"మరి ఎప్పుడు విప్పినవ్?"

"విప్పలే సాబ్. మీ చేతులకెళ్లి తీస్కున్న, మల్ల మీ చేతులనే పెట్టిన."

మెకానిక్ పగలబడి నవ్వాడు. "అయితే ముద్ర దానంతటదే నడుసుకుంట లోపటికి పోయిందా తాతా? జర గా తొవ్వ మాకు గూడ సూపెట్టు!"

అందరూ నవ్వారు, వకీలు సాబ్ తప్ప. "ఎన్నడో నువ్వే చేసి పెట్టి ఉంటవ్. ఇప్పుడు నువ్వే ఒరిజినల్ అంటున్నవ్. నిన్ను నమ్మిన సూడు, గది నా తప్పు."

బస్సెక్కి కరీంనగర్ వచ్చేశాను. ఇంటికి రాగానే పంచ్ తీసి ఇత్తడి రేకు మీద కొట్టాను. వకీలు సాబ్ నా ఫోన్‌కు పంపిన ఫోటో పక్కన పెట్టి చూశాను. విరిగిన చోటుతో సహా రెండూ ఒకటే. రేకునూ ఫోటోనూ నా భార్యకు చూపించాను.

"మరిసినవేమో, జర యాది జేస్కో" అంది నా భార్య. "వయసు మీద పడ్డది గద."

నేను బాగుచేసిన మొదటి తాళం ఎవరి బీరువాదో కూడా చెప్పగలను నేను. ఈ తాళం నా జ్ఞాపకంలో లేదు. కానీ నేను మోసగాణ్ణన్న మాట ఊరు దాటి వచ్చింది. పాత జీపు తాళం ఇచ్చిపోయిన డాక్టరు గారు మరుసటి వారమే వచ్చి, విప్పకుండానే తీసుకుపోయారు. నాకున్నది ఒక్క మాట. అది పోతే నేను దుకాణం తెరిచి ఏం లాభం?

పరీక్షించిన పెద్దమనిషికి ఉత్తరం రాశాను. ఇత్తడి రేకు మీద నా ముద్ర కొట్టి జత చేశాను. మీకంటే ముందు ఆ రివిట్లను ఎవరైనా తాకారా లేదా, కాగితం మీద రాసివ్వమన్నాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. మూడోసారి, జవాబు రాకుంటే మీ గుమ్మం ముందే వచ్చి కూర్చుంటానని రాశాను.

అప్పుడొచ్చింది జవాబు. వకీలు సాబ్‌కూ ఒక నకలు వెళ్లింది. ఆయన స్వయంగా దుకాణానికి వచ్చి, "మాఫ్ చెయ్యి నర్సయ్యా" అన్నారు. నా మాట నాకు తిరిగి దక్కింది. కానీ ఆ ఉత్తరం చదివిన రోజు నుంచి పంచ్ చేతికి తీసుకోలేదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఇది ఎలా జరిగిందో నాకు అంతుపట్టలేదు. ఉత్తరం ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"నర్సయ్య గారూ, మీ రేకునూ తాళం మూతనూ భూతద్దం కింద పక్కపక్కన పెట్టి చూశాను. రెండు ముద్రలూ ఒకే పంచ్‌తో కొట్టినవి. రివిట్లు కంపెనీవే, నాకంటే ముందు ఎవరూ తాకలేదు. మీరు మోసం చేయలేదని వకీలు గారికీ రాశాను. మీకు ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి కారణం వేరే ఉంది. తాళం లోపల కంపెనీలో వేసిన నల్లటి పూత ఎక్కడా చెదరలేదు. మీ ముద్ర గాడుల లోపల కూడా అదే పూత ఉంది. అంటే తాళం కంపెనీ దాటకముందే, పూత వేయకముందే ముద్ర పడింది. ఇప్పుడు మీరు నాకు జవాబు చెప్పాలి. దాన్ని ఎప్పుడు కొట్టారు?"