అండాలు చేతులు

మీతో ఒక మాట చెప్పాలి. పదకొండేళ్ళుగా మోస్తున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. చేసిన పని చూస్తే చిన్నదే. ఒక రిజిస్టరులో రెండు పేర్లు తారుమారు చేశాను. పట్టుమని నిమిషం పట్టలేదు. దానితో ఒక మనిషి చావు తాలూకు పాపం ఇంకో మనిషి నెత్తిన పడింది. ఆ మనిషి అది తన పాపమేనని నమ్మింది. ఇప్పటికీ నమ్ముతోంది.

నా పేరు చెప్పను. పిరికిదాన్ని, అంతే. ఆమె పేరు మాత్రం చెబుతాను: అండాలు. ఇలాంటివి రాసేటప్పుడు పేర్లు మార్చి రాస్తారని తెలుసు. ఆమె పేరుతో ఒకసారి ఆడుకున్నాను, చాలదూ?

అప్పుడు నేను పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. ఒక జబ్బుతో వచ్చినవాడికి మా దగ్గర ఇంకో జబ్బు అంటకుండా చూడటం నా పని. ఎవరు చేతులు కడుక్కున్నారు, ఎవరు కడుక్కోలేదు, ఎవరు ఒక పేషెంటును ముట్టుకున్న చేత్తోనే ఇంకొకరిని ముట్టుకున్నారు, అన్నీ రాసుకునేదాన్ని. నేను వార్డులో అడుగుపెడితే పెద్ద పెద్ద సర్జన్లు కూడా గబగబా సబ్బు దగ్గరికి నడిచేవాళ్ళు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన గుమస్తాగారి అమ్మాయికి ఆ దర్జా ఎంత రుచిగా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. నెత్తికెక్కింది. ఆయమ్మల మీద అరిచేదాన్ని. అరవడానికి కారణం దొరకని రోజు వెతుక్కునేదాన్ని.

ఐసీయూకి ఒక నియమం ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళకు మోచేతి కింద ఏమీ ఉండకూడదు. వాచీ వద్దు, దారం వద్దు, గాజులు వద్దు, ఉంగరం వద్దు. వాటి సందుల్లో క్రిములు దాక్కుంటాయి, ఎంత కడిగినా పోవు. ఆ బోర్డు రాయించి తలుపు మీద కొట్టించింది నేనే.

నా కుడిచేతికి పగడపు ఉంగరం ఉండేది.

పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలవలేదు. మా అత్తగారు ఎవరో సిద్ధాంతిగారిని అడిగి చేయించారు. రాయి ఒంటికి తగలాలని అడుగున తెరిచి కట్టారు. ఆ గుంటలో సబ్బు మడ్డి పేరుకునేది, నాకు కనిపించేది. ఉంగరం కింద ఏం పెరుగుతుందో బొమ్మ వేసి జూనియర్లకు పాఠం చెప్పేదాన్ని. మరి నేనెందుకు తీయలేదు? తీస్తే మూడోది కూడా పోతుందేమోనని భయం. తెల్లకోటు లోపల నేనూ ఒక మామూలు ఆడదాన్ని, భయం ఉండకూడదా? ఉండొచ్చు. కానీ అదే భయం ఇంకొకరికి ఉందని తెలిసినప్పుడు నేనేం చేశానో వినండి.

అండాలు కొత్తగా ఐసీయూకి ఆయమ్మగా వచ్చింది. యూసుఫ్‌గూడ నుంచి నడిచి వచ్చేది. నలభై దాటిన మనిషి, భర్త శ్రీనగర్ కాలనీలో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్. చేతినిండా ఆకుపచ్చ గాజులు. తలుపు దగ్గర ఆపాను. అందరూ ఉన్నారు, డ్యూటీ డాక్టరుతో సహా. గాజులు తీయమన్నాను. బిగుసుకుపోయాయి, రావడం లేదు. పగలగొట్టమన్నాను.

ఆమె నన్ను అదోలా చూసింది. “నా పెనిమిటి నిమ్మలంగ ఉన్నడు సిస్టర్. పగలగొట్టుకుంటే మంచిది గాదు. జర సబ్బు పెట్టి మెల్లగ తీసుకుంట” అంది. టైము లేదన్నాను. లేకపోవడమేమిటి, బోలెడంత ఉంది. గోడకేసి కొట్టుకోమన్నాను. కొట్టుకుంది. రెండు చేతులూ. మణికట్టు దగ్గర గీసుకుని రక్తం వచ్చింది. ఆ ముక్కలు తనే ఏరి చెత్తబుట్టలో వేసి, వేసినాక నా చేతి వంక చూసి నెమ్మదిగా అడిగింది: “మరి మీ ఏలికున్న గా ఉంగరం సుత తీయాలె గదా సిస్టర్?”

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినంత పనైంది. ఏదో గొణిగి, గ్లవ్ తొడుక్కుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజంతా ఒళ్ళు మండుతూనే ఉంది. నా టైము వస్తుంది, అప్పుడు చెబుతాను దీని పని అనుకున్నాను. ఈ మాట పైకి ఎవరితోనూ అనలేదు. మీతోనే అంటున్నాను.

అప్పుడు ఐసీయూలో మురళి అని ఒకతను ఉండేవాడు. సినిమా షూటింగుల్లో లైట్లు మోసేవాడు. పేగు పగిలి ఆపరేషన్ అయ్యింది, కోలుకుంటున్నాడు, ఇంకో నాలుగు రోజుల్లో వార్డుకు మారుస్తామన్నారు. అండాలు రోజూ అతని ఒళ్ళు తుడిచేది. అతను ఆమెను అక్కా అని పిలిచేవాడు. బయటికెళ్ళాక ఆమెకు షూటింగ్ చూపిస్తానన్నాడట. అతని మెడ దగ్గర నరంలోకి మందులు వెళ్ళే గొట్టం ఒకటి పెట్టి ఉంది. దాని కట్టు మార్చడం ఎలాగో జూనియర్లకు నేను చేసి చూపించాను. ఆరుగురు చుట్టూ నిలబడి చూస్తున్నారు. సగంలో ఉంగరం రాయిని పట్టుకునే కొక్కెం తగిలి గ్లవ్ చిరిగింది. చిన్న చిరుగే. చూశాను. మార్చాలంటే గ్లవ్ విప్పాలి, విప్పితే ఉంగరం బయటపడుతుంది. అండాలు ప్రశ్న అప్పటికి ఆసుపత్రంతా తిరుగుతోంది. వేలు కాస్త మడిచి పట్టుకుని కట్టు పూర్తిచేశాను. జూనియర్లు రాసుకున్నారు.

మూడో రోజుకు మురళికి చలిజ్వరం పట్టుకుంది. రక్తంలో ఒక మొండి క్రిమి చేరింది, ఏ మందుకూ లొంగేది కాదు. పక్క పడకల్లో ఇంకో ఇద్దరికి కూడా అదే. వాళ్ళిద్దరూ బయటపడ్డారు. మురళి పోయాడు. అతని అన్న యూసుఫ్‌గూడ నుంచి వచ్చి, మొన్న ఇడ్లీ అడిగాడు కదా అని మళ్ళీమళ్ళీ అదే అన్నాడు.

ల్యాబు డాక్టరుగారు ఐసీయూలో తిరిగే అందరి చేతులూ పరీక్ష చేయాలన్నారు. మూతలున్న గుండ్రటి ప్లేట్లు తెప్పించారు, లోపల జెల్లీ ఉంటుంది. అందులో అయిదు వేళ్ళూ నొక్కితే, చేతి మీద ఏమున్నా రెండు రోజుల్లో మొలకెత్తుతుంది. ఎవరినీ అవమానించినట్టు కాకుండా ప్లేట్ల మీద నంబర్లే వేద్దామని సలహా ఇచ్చింది నేను. ఏ నంబరు ఎవరిదో నా రిజిస్టరులో మాత్రమే ఉంటుంది. అప్పుడు నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు, నమ్మండి. నమ్మకపోయినా ఫరవాలేదు.

డాక్టరుగారు ఫోన్ చేశారు. “ఏడో నంబరమ్మా. అదే క్రిమి. ఎవరో చూసి చెప్పండి.”

చూడక్కర్లేదు. ఏడు నేనే.

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, భయంతో చేశాను, ఉద్యోగం పోతుంది, నర్సు లైసెన్సు పోతుంది, మా ఆయనకు మొహం చూపించలేను, బుర్ర పనిచేయలేదు, అని. అబద్ధం. బుర్ర చక్కగా పనిచేసింది. భయమే అయితే ఏ పేరైనా సరిపోయేది. ఆ కాగితంలో ఇరవై పేర్లు ఉన్నాయి. పరీక్షకు చెయ్యిచ్చిన మర్నాడే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన వార్డు బాయ్ పేరు కూడా ఉంది, అది రాసుంటే ఎవరికీ నష్టం లేదు. నేను ఆ పేరు చూశాను. దాటి కిందికి వచ్చాను. అండాలు దగ్గర ఆగాను. ఆగినప్పుడు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. పేజీ చింపి, కొత్త పేజీలో తనను ఏడులో, నన్ను తన నంబరులో రాసి, కింద సంతకం పెట్టాను.

ఉంగరం ఆ సాయంత్రమే తీసేశాను. కాస్త సబ్బు రాస్తే ఇట్టే వచ్చింది.

మర్నాడు మీటింగ్. ఆమెను పిలిచి బయటికి పంపేస్తే సరిపోయేది. నేను అలా చేయలేదు. అందరి ముందూ నిలబెట్టి చేతులు చాపమన్నాను. మిగతావాళ్ళు దగ్గరికి వచ్చి చూడమన్నాను. గాజుల గాట్లు ఇంకా మానలేదు. “ఈ చేతులే మురళిని చంపాయి” అన్నాను. అక్షరాలా అదే మాట. డాక్టరుగారు కూడా ఇబ్బందిగా కదిలారు. అండాలు తన చేతుల వంక చూసుకుంటూ, “తమ్ముడు సచ్చింది నాతోటేనా?” అని అడిగింది. అవునన్నాను.

ఆ రోజే పని పోయింది. ఆ తరవాత ఐసీయూలో ఆ క్రిమి మళ్ళీ కనబడలేదు. ఎలా కనబడుతుంది, ఉంగరం మా ఇంట్లో బీరువాలో ఉంది. సకాలంలో పట్టుకున్నానని నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ఇప్పుడు అమీర్‌పేటలో, గల్ఫ్ వెళ్ళే నర్సులకు పరీక్షల శిక్షణ ఇచ్చే చోట పాఠాలు చెబుతున్నాను. చేతి మీద చేరిన క్రిమి సరిగ్గా కడిగితే పోతుంది, ఏదీ జన్మంతా ఉండిపోదు. మొదటి రోజు మొదటి పాఠం అది. పిల్లల చేత రెండుసార్లు గట్టిగా చదివిస్తాను.

పోయిన ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ గుడి రద్దీకి ఆటో కదలక, దిగి సందులోంచి నడుస్తున్నాను. ఒక ఇంటి మెట్ల మీద నుంచి “సిస్టర్!” అని కేక. అండాలు. లేచి నిలబడింది. నవ్వింది కూడా. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. ఉంటే బాగుండేది.

పక్కన కూతురు బోనం కుండకు పసుపు రాసి, వేపాకు కడుతోంది. చాప మీద ఒక పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అండాలు రెండు చేతులూ కొంగులో చుట్టుకుని వాడికి అల్లంత దూరంలో నిలబడింది. కొంగు జారినప్పుడు చూశాను. బ్లీచింగ్ నీళ్ళకు తోలు లేచిపోయి, ఎర్రగా పగిలిన చేతులు.

“జర మీరన్న చెప్పున్రి మేడం” అంది కూతురు, నేనెవరో ఏమిటో తెలియక, ఆసుపత్రి మనిషినన్నంత వరకే తెలిసి. “మనుమడు పుట్టి ఎనిమిది నెలలాయె. ఒక్కనాడు సుత ఎత్తుకోలె. బోనం ముట్టది, అన్నం కలపది. నా చేతులు మంచియి గావంటది. దినాం గా బ్లీచింగ్ల పెట్టి కడుగుతది.”

అండాలు కూతుర్ని ఆపి, నా దగ్గరికి రాబోయి, మళ్ళీ ఆగింది. “మీకైతె తెలుస్తది సిస్టర్. గా క్రిమి నా చేతులల్ల ఇంక ఉంటదా? పోయుంటదా?”

ఇక్కడ ఆగి, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. పోయిందమ్మా, ఎత్తుకో, అనడానికి నాకేం పోయింది? నిజం చెప్పమని ఎవరూ అడగలేదు. నేను దొరికిపోయే మాటా కాదు. ఒక్క ముక్క అంటే ఆ పసివాడి ఏడుపు ఆగేది. నాకు అది తెలుసు, నోటిదాకా వచ్చింది.

“చెప్పలేం అండాలూ. కొందరి ఒంట్లో అలా ఉండిపోతుంది. జాగ్రత్తగా ఉండటమే మంచిది” అన్నాను.

ఆమె తలూపింది. కూతురి వైపు తిరిగి, తన మాటే నెగ్గినట్టు, “నేను చెప్తె ఇనవు. సిస్టర్ సుత గట్లనే అంటున్నరు సూడు” అంది. చాయ్ తాగి పొమ్మంది. కూతురి చేత పెట్టిస్తానని, తాను ముట్టుకోనని కూడా చెప్పింది. పని ఉందని వచ్చేశాను.

ఎందుకన్నాను ఆ మాట? నెలలుగా అడుగుతున్నాను నన్ను నేను. రిజిస్టరు రోజున కోపం ఉంది, భయం ఉంది. మెట్ల దగ్గర రెండూ లేవు. ఆమె నవ్వుతూ పలకరించింది, అదే నేను భరించలేకపోయానా? లేక ఆమె చేతుల్లో ఆ క్రిమి ఉందని పదకొండేళ్ళు నాకు నేనే చెప్పుకుని చెప్పుకుని, అది అక్కడే ఉండటం నాకే కావలసి వచ్చిందా, అది పోయిందంటే ఎక్కడికి పోయింది, అసలు ఎవరిది అనే లెక్కలోకి నేను రావలసి వస్తుందనా? తెలియదు. తెలిసిందల్లా ఒకటే. మొదటిసారి చేసింది తప్పయితే, రెండోసారి చేసింది ఏమిటో దానికి నా దగ్గర పేరు లేదు. దానికి క్షమాపణ అడిగే హక్కు నాకు లేదు, మీరు కూడా నా మీద జాలిపడకండి.

ఇదంతా రాయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. పాఠాలు చెప్పే శిక్షణ సంస్థ పైగదిలో కూర్చుని, తలుపు గడియ పెట్టుకుని రాశాను. చివరికొచ్చేసరికి గుండెల మీంచి ఏదో దిగింది, ఆ మాట దాచను. చాలా రోజుల తరవాత ఆకలి వేసింది. కిందికి వెళ్ళి కడుపునిండా తిని వచ్చాను.

ఇక్కణ్ణుంచి ఆ సందుకు నడిచి వెళితే పదిహేను నిమిషాలు. మీకు చెప్పాను. అండాలుకు ఇంకా ఎవరూ చెప్పలేదు.