రాగుల రాశి మీద బూడిద ముద్ర

నా చిన్నప్పుడు మా కళ్లంలో ముద్ర చెక్క మాయమైన సంగతిని హోసూరు అవతల తళి దగ్గరున్న మా ఊళ్లో చాలా ఏళ్లు తప్పుగా చెప్పుకున్నారు. ఆ తప్పుకు కారణం నేను.

రాగులు తూర్పారబట్టి రాశి పోశాక, ఇంటికి చేర్చేదాకా అది మూడు నాలుగు రోజులు కళ్లంలోనే ఉండేది. రోజూ పొద్దు గూకేముందు మా తాతయ్య, స్వస్తిక చెక్కిన చెక్కను బూడిదలో అద్ది రాశి చుట్టూ ముద్రలు వేసేవాడు. ఎవరైనా గింజలు తీస్తే ముద్ర చెదిరి తెలిసిపోయేది. రాశి ఎత్తే రోజు మొదటి చేట మాత్రం ఇంటికి రాదు. కళ్లానికి వచ్చి అడిగినవాళ్లకు పోతుంది.

ఆ ఏడు హోసూరు బడిలో ఐవారు ఒక ఫొటో చూపించారు. చేతులకు స్వస్తిక పట్టీలు కట్టుకున్న నాజీ సిపాయిలు, వాళ్ల ముందు ఎముకలు తేలిన మనుషులు. ఆ జెండా కింద పసిపిల్లలను కూడా చంపారని చెప్పారు. ఇంటికొచ్చి చూస్తే మా ముద్ర చెక్క మీదా అదే గుర్తు. ఆదివారం అందరూ చేనికి పోయినప్పుడు ముద్ర చెక్కను తెచ్చి నీళ్లు కాచే పొయ్యిలో పెట్టేశాను.

ఆ పూట కళ్లం ఊడ్చింది పక్కింటి అక్క. చెక్క కనబడకపోయేసరికి మా మేనత్త నోరు జారింది.

"ముద్ర పోయిందంటే రాశి మీద ఎవురికో కన్నుండాదమ్మా!"

"మీ రాగులు దొంగిలించే గతి మాకింకా పట్టలేదత్తా" అని అక్క చీపురు పడేసి వెళ్లిపోయింది. నేను గోడ పక్కన నిలబడి చూశానే గాని నోరు తెరవలేదు.

మరునాడు పొయ్యి బూడిదలో తాతయ్యకు చెక్క పిడికుండే ఇనుప కడియం దొరికింది. ఆయన నన్ను కొట్టలేదు.

"ఏంటికి కాల్చినావప్పా?"

చెప్పాను. ఆయన కడియాన్ని పంచెకు తుడిచి నా చేతిలో పెట్టాడు.

"చంపినోళ్లు ఆ గుర్తును యాడ పెట్టుకున్నారు?"

"చేతికి, జెండాకి."

"మనం?"

"రాశి మీద."

"ఆ రాశిలో మొదటి చేట ఎవురికి?"

"అడిగినోళ్లకి."

ఆ బూడిదే నా గుప్పిట్లో పోసి, రాశి మీద నా వేలితోనే స్వస్తిక గీయించాడు. "వాండ్లు పాడు చేసింది నిజమే, దాన్ని దాయొద్దు. అట్లని మనం మానుకుంటే వాండ్లకే రాసిచ్చినట్టు" అన్నాడు. రాశి ఎత్తే రోజు మొదటి చేట నా చేతికిచ్చి, అక్కకు నిజం చెప్పి రమ్మన్నాడు. నేను చేటను వాళ్ల గడపలో పెట్టి పరుగెత్తుకొచ్చాను. చెప్పినానని తాతయ్యతో అబద్ధమాడాను. సంగతి అంతటితో తీరిందనుకుని ఆయన ఇంకెవరితోనూ ఎత్తలేదు. అక్క పెళ్లయి సామల్పట్టికి పోయినా, ముద్ర దొంగ అనే పేరు ఊళ్లో మిగిలింది.

పోయిన ఏడు మా అమ్మాయి అడిగింది. బాగలూరులో తను పనిచేసే ఫ్యాక్టరీకి విదేశీయులు వస్తున్నారట, ఆయుధపూజకు మెషిన్ మీద స్వస్తిక వేయాలా, మానాలా అని. "వెయ్యి. వాళ్లు అడిగితే ముందు వాళ్ల బాధ విను, ఆ తర్వాత మన సంగతి చెప్పు" అన్నాను. ఆ మాటలో నాకు సందేహం లేదు. కానీ అన్నాక సిగ్గేసింది. గుర్తుకంటిన మరకను తుడవడం కూతురికి నేర్పుతున్నాను, మనిషికి నేనంటించిన మరకను వదిలేశాను.

సామల్పట్టికి పోయి అక్కకు అంతా చెప్పాను. మనవరాలికి జడ వేస్తూ తలెత్తకుండా విన్నది.

"నేను తీయలేదని నాకు తెలుసు కదప్పా! నాకు చెప్తే ఏం లాభం? తెలియనోళ్లకి చెప్పు."

అందుకే ఈసారి రాశి పోసినప్పుడు ఆమెను పిలుచుకొచ్చి, కళ్లంలో అందరి ముందూ చెప్పాను. బూడిద ఆమె చేతికిచ్చాను. రాశి మీద ఇంత పెద్ద స్వస్తిక గీసి, చేతులు దులుపుకుంది.

"ఇదో, ఈతూరి చెదిరితే నన్ను అడగొద్దండి!"

ఆ ఇనుప కడియం నా బండి తాళాలకు ఉంది. వేలికి తగిలినప్పుడల్లా, ఇచ్చిన చేటా, చెప్పకుండా మింగిన మాటా రెండూ గుర్తుకొస్తాయి.