పంగుని నెల అడవిమల్లెలు

కాలు ఒకచోట నిలవని పిల్లనని నాకు చిన్నప్పటి నుంచే పేరు. మా చెల్లెలికి అమ్మవారు పోసిన ఆ పంగుని నెలలో, ఎండలు ముదిరే రోజుల్లో, పదకొండేళ్ల నన్ను కోవిల్‌పట్టిలో బండెక్కించి కళుగుమలై పక్కన మా అవ్వ ఊరికి పంపించారు. అవ్వ అంటే అమ్మను కన్నతల్లి. ఊరు మారినా కట్టుబాటు మారదు. ఇంట్లో అమ్మవారు ఉన్నంతకాలం ఆ ఇంటివాళ్లు ఎక్కడున్నా తలకు నూనె రాయకూడదు, ఆడవాళ్లెవరూ పూలు పెట్టుకోకూడదు. అమ్మవారికి కోపం వస్తే బిడ్డ కన్ను తీసుకుంటుందని పెద్దల మాట.

పది రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చెల్లెలు ఎలా ఉందో చెప్పే మనిషే రాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. నా పోరు పడలేక అవ్వ ఒక ఉదయం కట్టెలకు పోతూ నన్నూ కొండకు తీసుకుపోయింది.

దారి పొడుగునా పూలే. కింద నల్లరేగడంతా నెర్రెలు విచ్చి ఉంటే, పైన బండల సందుల్లో తంగేడు విరగబూసింది. కాలిబాట మీదికి అడవిమల్లె తీగ వంగి ఉంది. ఆ వాసనకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అక్కడ చెల్లెలు వేపాకు మీద పడి ఉంటే వీటికేమిటింత సంబరం? ఆ కోపంతోనే గుప్పెడు తెంపాను. తెంపినదాన్ని పారేయవచ్చు కదా, జడలో దోపుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

అవ్వ కట్టెలమోపుతో వెనక్కి తిరిగి చూసింది. కొట్టలేదు. ఒక్కొక్క పువ్వూ లాగి పారేసింది.

"ఇది ఎవురికీ చెప్పొద్దు. నడువు," అంది.

నెల తిరిగాక అవ్వే నన్ను ఇంటికి తీసుకుపోయింది. చెల్లెలు బతికింది. ఎడమ కన్ను పోయింది. అమ్మ మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టింది.

"నా బిడ్డ కన్ను ఊరికే పోతుందా? ఎవురు పూలు పెట్టుకొంటిరి, చెప్పండి."

నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది: "నేనేమ్మా. కొండమింద మల్లి పూచి ఉండె. పిల్ల తల బోసిగా ఉండాదని నేనే పెడ్తిని."

ఆ తర్వాత అమ్మ అవ్వ చేతి మంచినీళ్లు తాగలేదు. తొమ్మిదేళ్లు. పూలకూ కంటికీ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. టీకాలవాడు వచ్చిన రోజు చెల్లెల్ని ధాన్యం గరిసె వెనక దాచింది అమ్మే కదా అనీ అనవచ్చు. అవన్నీ నాకూ తెలుసు. ఆ ఇద్దరూ ఒకచోట ఉంటే మాత్రం నేను అక్కడ కూర్చోలేకపోయేదాన్ని, ఏదో పని ఉన్నట్టు లేచి పోయేదాన్ని.

అవ్వ పోయిన రోజు అమ్మ కళ్లు తడవలేదు. నన్ను పక్కకు పిలిచి, "నాకు ఏడుపు రాదు. నువ్వన్నా ఏడు. నీమింద పానం పెట్టుకొని ఉండె," అంది.

అప్పుడైనా చెప్పవలసింది. నేను పోయి అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని, అమ్మ చెప్పినట్టే ఏడ్చాను.