ఏడో గ్రీన్ పక్కన దెస్పినూ చెట్టు

లిథారి ఊరి చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయబూనితే అందులో నాలుగు ఘట్టాలు లేకుండా కుదరదు. వెనీసువాళ్ళు రావడం, తురుష్కులు రావడం, ఇంగ్లీషువాళ్ళు వచ్చి వెళ్ళడం, ప్రతి ఉదయం ఆరుకు పది నిమిషాలుందనగా హంబీస్ తన ఎడమకాలి బూటు విప్పడం. మొదటి మూడింటి మీద ఊళ్ళో పెద్ద తగాదాలేమీ లేవు. నాలుగోదాని మీద మాత్రం కాఫీ కొట్టులో రెండు పక్షాలున్నాయి. ఎడమకాలికే నేల సంగతి తెలుస్తుందని ఒక పక్షం. కుడికాలి మేజోడుకు చిల్లుంది గనక ఆ కాలు బయటపెట్టడని కొట్టు యజమాని తోఫీస్ నాయకత్వంలో రెండో పక్షం.

బూటు విప్పే స్థలం గోల్ఫ్ మైదానంలో ఏడో గ్రీన్. అంటే ఏడో గుంత చుట్టూ తివాచీలా కత్తిరించిన పచ్చిక. హంబీస్ ఆ మైదానంలో గడ్డి పెంచేవాళ్ళకు పెద్ద. ఉత్తకాలు పచ్చిక మీద ఆనించి, కళ్ళు మూసుకుని, మతగురువులు కూడా నిలబడనంత నిష్ఠగా కాసేపు నిలబడి, "ఇవాళ పావుగంట నీళ్ళు చాలు" అని తీర్పు చెప్పేవాడు. నేల తడి కొలవడానికి మైదానం నడిపే కంపెనీ కొన్న యంత్రం అరగంట తర్వాత మేల్కొని అదే మాట చెప్పేది. ఆ రోజంతా హంబీస్ కొంచెం నిటారుగా నడిచేవాడు.

ఆ ఏడో గ్రీన్ ఉన్న చోటు ఒకప్పుడు అతని సొంత పొలం. మధ్యలో ఒక తెరాత్సి చెట్టు. చింతకాయలకు పెద్దన్నల్లా ఉండే నల్లటి కాయలు కాస్తుంది, వాటిని ఉడికించి పాకం తీస్తారు. తండ్రి పోతూ పోతూ పొలం హంబీస్ పేర, చెట్టు అక్క దెస్పినూ పేర రాశాడు. లిథారిలో ఇలాంటి పంపకాలు మామూలే. ఒకరి నేలలో ఇంకొకరి ఆలివు చెట్టు, దాన్ని తడిపే నీళ్ళు మూడోవాళ్ళవి. ఈ మామూలు సంగతి హంబీస్‌కు ఎంత మామూలంటే, పొలం కంపెనీకి అమ్మేటప్పుడు చెప్పాలని కూడా తోచలేదు.

లండన్ నుంచి వచ్చిన వకీలు పత్రాలు తిరగేసి నివ్వెరపోయాడు. "నేల మాది, చెట్టు ఆవిడదా? మరి ఆ చెట్టు దేనిమీద నిలబడుతుంది?" అని అడిగాడు.

"అది చెట్టు చూసుకుంటుంది. మీకెందుకు బెంగ?" అంది దెస్పినూ. ఎంత ఇస్తామన్నా అమ్మలేదు.

చివరికి చెట్టును అలాగే ఉంచి దాని పక్కనే గ్రీన్ వేశారు. చుట్టూ గుట్టల మీద విల్లాలు లేచాయి. ఒక్కోదానికి ఒక్కో ఈతకొలను, నూనె తీయని ఆలివు చెట్లు, కోయని నిమ్మకాయలు. ఏటా సెప్టెంబరు మొదట్లో దెస్పినూ పొడవాటి కర్రతో, సంచులతో గేటు దాటి వచ్చేది. కాయలు రాల్చుకున్నంతసేపూ ఏడో గుంత దగ్గర ఆట ఆగిపోయేది. దూరదేశాలనుంచి వచ్చి, ఊరివాళ్ళు ఊహించలేనంత రుసుము కట్టిన పెద్దమనుషులు వరసలో నిలబడి గడియారాలు చూసుకునేవారు.

"నిలబడండి నాయనా, మీ గుంత ఎక్కడికీ పారిపోదు" అనేది దెస్పినూ. హంబీస్ దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తూ "క్షమించాలి" అని మాత్రం చెప్పేవాడు.

అలా పదకొండేళ్ళు గడిచాయి. పన్నెండో ఏడు జూన్‌లో ఆమె చెట్టు చూడటానికి వచ్చి, ఒక రెమ్మ తుంచి తమ్ముడి ముక్కుకింద పెట్టింది.

"హంబీ, ఈ ఆకు చూశావా?"

"ఎండలకక్కా."

"ఎండకి తెరాత్సి ఆకు పసుపెక్కుతుందిట్రా? పుట్టి బుద్ధెరిగాక ఎక్కడన్నా చూశావా? వేసవిలో నాన్న దీనికి చెంబుడు నీళ్ళు పోసి ఎరగడు. నువ్వేమో పొద్దునా సాయంత్రం స్నానం చేయిస్తున్నావు."

"అది గడ్డికి అక్కా, చెట్టుకు కాదు."

"ఆ ముక్క దాని వేళ్ళతో చెప్పు." ఆమె కర్రతో నీళ్ళు చిమ్మే గొట్టాన్ని పొడిచింది. "దీని మూతి అటు తిప్పు. వానలు పడేదాకా ఈ పక్కకి చుక్క రాకూడదు. చెట్టు చచ్చిపోతుందిరా."

"తిప్పేస్తాలే."

"లే లేదు, గీ లేదు. తిప్పుతానను."

"తిప్పుతానక్కా."

తిప్పాడు కూడా. అందులో మోసం లేదు. కానీ పదోరోజుకల్లా గ్రీన్ అంచున దుప్పటంత మేర గడ్డి ఎర్రబడింది. ఎదుటి విల్లా బాల్కనీలో టీ తాగుతున్న మిసెస్ పెల్హామ్ దృష్టి దాని మీద పడింది. మధ్యాహ్నానికి మేనేజరు లేనియా వచ్చింది.

"హంబీ గారూ, అక్టోబరులో పోటీలు. టీవీవాళ్ళు వస్తున్నారు. మీ ఏడో గ్రీన్ చూస్తే గజ్జి పట్టినట్టుంది."

చెప్పాల్సిన వాక్యం చాలా చిన్నది. నీళ్ళు పెడితే మా అక్క చెట్టు చచ్చిపోతుంది. అది నోటిదాకా వచ్చింది కూడా. అయితే లేనియా వెనకాల మిగతా గడ్డివాళ్ళు నిలబడి ఉన్నారు, ఇన్నేళ్ళలో హంబీస్ గ్రీన్‌కు వంక పెట్టినవాళ్ళు లేరు.

"వారంలో సరిచేస్తానమ్మా" అన్నాడు.

గొట్టం మూతి మళ్ళీ చెట్టువైపు తిరిగింది.

తర్వాతి ఆదివారం చర్చి మెట్లమీద దెస్పినూ అడిగింది. "తిప్పావా?"

"తిప్పాను."

న్యాయశాస్త్రం చదివినవాళ్ళు ఇందులో అబద్ధం లేదని వాదించవచ్చు. ఒకసారి కాదు, రెండుసార్లు తిప్పాడాయె. ఆమె ఒట్టు వేయమంటే బాగుండునని హంబీస్‌కు తర్వాత చాలాసార్లు అనిపించింది. ఒట్టు వేసేంత ధైర్యం అతనికి లేదు, నిజం బయటపడి ఉండేది. కానీ ఆమె అడగలేదు. పక్కనున్న ఆడవాళ్ళతో "చెట్టు సంగతి మా తమ్ముడు చూసుకుంటున్నాడు" అని చెప్పి, తన మోకాలి నొప్పి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆ వేసవి చివర ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. కాయలు హంబీసే రాల్చి పట్టుకెళ్ళాడు, అర సంచి. "పోన్లే, ఈ ఏడు దానికి విశ్రాంతి" అంది మంచం మీదనుంచి. పోటీలు ఘనంగా జరిగాయి. గెలిచినాయన టీవీవాళ్ళ ముందు వంగి ఏడో గ్రీన్‌ను నిమిరాడు. కాఫీ కొట్టులో తోఫీస్ ఆ దృశ్యాన్ని మూడుసార్లు వేసి చూపించి, "మన హంబీ పెళ్ళాన్ని కూడా ఎవరూ ఇంత మురిపెంగా చూసి ఉండరు" అన్నాడు. అందరూ నవ్వారు. హంబీస్ కూడా నవ్వాడు. బహుశా అతని జీవితంలో అదే గొప్ప రోజు.

ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలైంది. తెరాత్సి ఏ కాలంలోనూ ఆకు వదలదు. హంబీస్ నీళ్ళు కట్టేశాడు, చెట్టు చుట్టూ కాలువ తవ్వాడు, వేళ్ళ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. కుళ్ళు వాసన. మే నెలకు కొమ్మలు మాత్రం మిగిలాయి. అక్క ఎదురుపడితే "మోకాలెలా ఉంది?" అని ముందే తనే అడిగేవాడు. చెట్టు మాట రానీకుండా మోకాలి గురించే అడిగీ అడిగీ, ఆ వైద్యంలో అతనికి మంచి పరిజ్ఞానం వచ్చింది.

సెప్టెంబరులో ఆమె కర్రతో, సంచులతో వచ్చింది.

చాలాసేపు పైకి చూసింది. తర్వాత కర్ర మొనను చెట్టు మొదట్లో గుచ్చి పైకి లాగింది. నాలుగు నెలలుగా వాన లేదు, ఎండలకు గడ్డి కోసం మళ్ళీ వదిలిన నీళ్ళలో పచ్చిక తాగగా మిగిలిన తడి మాత్రం అడుగున ఇంకా ఉంది. మొనకు బురద అంటుకుంది.

"ఎప్పుడు తిప్పావు హంబీ?"

"తిప్పానక్కా... పదిరోజులు. మళ్ళీ ఇటే పెట్టాను."

"నేను చర్చి మెట్లమీద అడిగిననాటికి?"

"ఇటే ఉంది."

తలలు వంచుకుని నిలబడ్డ ఆ ఇద్దరినీ చూసి, ఆడటానికి వచ్చిన జర్మన్లు ఇదేదో పూజా కార్యక్రమం అనుకుని టోపీలు తీశారు.

"చెట్టు కావాలా, గడ్డి కావాలా అని నువ్వు నన్నే అడిగుంటే..." అని ఆమె ఆగింది. "ఏమనేదాన్నో నాకూ తెలీదు. అడగాల్సిందిరా." సంచులు మడత విప్పకుండానే తీసుకెళ్ళిపోయింది.

చెట్టు పోతే పత్రంలోంచి పేరు కొట్టేయించుకోవాలి. నవంబరులో భూముల కార్యాలయం నుంచి ఒక గుమాస్తా వచ్చాడు.

"చెట్టు పోవడానికి కారణం?"

హంబీస్ నోరు తెరవబోయాడు. దెస్పినూ అడ్డొచ్చింది. "ముసలిదైపోయింది."

గుమాస్తా మొద్దుకేసి చూశాడు. "అరవయ్యేళ్ళయినా లేనట్టుందే అమ్మా. ఈ జాతి నూరేళ్ళు దాటి కాస్తుంది కదా?"

"చెట్టు నాదా నీదా? ముసలిదైందని రాయి."

రాశాడు. హంబీస్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు అక్కా, దింపుతాను."

"బస్సుంది."

ఆమె అతనితో మాట్లాడటం మానలేదు. ఈస్టరుకు జున్ను రొట్టెలు ఎప్పటిలాగే పంపింది, అతని మోటు హాస్యానికి ఎప్పటిలాగే విసుక్కుంది. మారింది ఒకటే. "గ్యాస్ కట్టేశానక్కా" అని అతనంటే, ఆ బాగుకాని మోకాలితో లేచి వంటింట్లోకి వెళ్ళి చూసి వస్తుంది. "వీధి తలుపు వేశాను" అంటే తలుపు దాకా వెళ్ళి తోసి చూస్తుంది. ఆమె లేచి వెళ్ళి వచ్చేదాకా హంబీస్ బల్లమీది గుడ్డకేసి చూస్తూ కూర్చుంటాడు.

ఆ ఏడు వేసవి మొదట్లో కంపెనీ ఏడో గ్రీన్‌ను మొత్తం తవ్వించి, సగం నీళ్ళు చాలే మరో రకం గడ్డి వేయించింది.